పాత పల్ప్ సైఫై నవలలు మూడో పుస్తకానికే ఎందుకు విసుగొస్తాయి?

మీరు అడిగింది ఇది: "ఎడ్గార్ రైస్ బరోస్ రాసిన అంగారక నవలలు రెండు ఊపులో చదివేశాను. మూడోది సగంలో ఆగిపోయింది. ఇ. ఇ. స్మిత్ 'స్కైలార్క్' యాభై పేజీలు కూడా దాటలేదు. సైన్సు పాతబడిపోయింది కాబట్టి ఇలా అనిపిస్తోందా, లేక చదవడం నాకే చేతకావడం లేదా? ఆబిడ్స్‌లో ఒకాయన అంగారక నవలలు పదకొండూ కట్టగట్టి ఇస్తానంటున్నాడు. కొనమంటారా?"

కట్ట సంగతి చివర్లో చెప్తాను. లోపం మాత్రం మీలో లేదు. సైన్సు పాతబడటంలో కూడా పెద్దగా లేదు. ఈ పల్ప్ పుస్తకాలను, అంటే పాత అమెరికన్ చవక పత్రికల్లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సాహసాలను, నేను ముప్ఫై ఏళ్లుగా పోగేస్తున్నాను. నాకూ ఈ పిచ్చి అదే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఒక ఆదివారం పూట మొదలైంది. మధ్యలో ఆరేళ్లు ఒక వారపత్రికలో సీరియల్ నవలలకు ప్రూఫులు దిద్దాను. ఆ రెండు అనుభవాలూ కలిసి నాకు నేర్పింది ఒక్కటే. ఈ నవలల్లో హీరోకి ఏదీ ఖర్చు కాదు. రాజ్యం గెలుస్తాడు, రాకుమారిని గెలుస్తాడు, గ్రహాన్ని గెలుస్తాడు, జేబులోంచి పైసా పోదు. మొదటి పుస్తకంలో ఇది సరదాగా ఉంటుంది. మూడో పుస్తకానికి మనకు తెలియకుండానే పేజీలు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాం.

ముందు సైన్సు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మొదట పట్టుకునేది దాన్నే. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి అంగారకుడి మీద గీతల్లాంటివి చూసి 'కనాలీ' అన్నాడు. ఆ మాటకు వాళ్ల భాషలో నీటిపాయ అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అవి ఎవరో తవ్విన కాలువలైపోయాయి. తర్వాత అమెరికాలో పెర్సివల్ లోవెల్ అనే సంపన్నుడు అరిజోనాలో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టుకుని, ఎండిపోతున్న గ్రహం మీద ధ్రువాల మంచునీటిని కాలువల్లో పారించుకుని బతుకుతున్న నాగరికత ఉందని పుస్తకాల మీద పుస్తకాలు రాశాడు. 1912లో బరోస్ మొదటి నవల వచ్చేనాటికి ఇది చదువుకున్న ప్రతివాడూ విన్న మాటే. 1965 జులైలో మారినర్ 4 పక్కనుంచి వెళ్తూ ఓ ఇరవై చిల్లర ఫొటోలు పంపితే గానీ అక్కడ కాలువలు లేవు, గుంతలున్నాయని జనానికి తెలియలేదు. బుధుడిదీ అదే కథ. దానికి ఒక ముఖం ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుందని 1965లో రాడార్‌తో కొలిచేదాకా పాఠ్యపుస్తకాల్లోనే ఉండేది. అందుకే పల్ప్ రచయితలు ఎండకీ చీకటికీ మధ్య సన్నటి సంధ్యా పట్టీ మీద ఊళ్లు కట్టేశారు. వీటిని తప్పులంటే, మా తాత సెల్‌ఫోన్ ఎందుకు వాడలేదని అడిగినట్టే.

రచయితకు తెలిసీ పక్కకి తోసేసిన సైన్సు వేరే. 'స్కైలార్క్'లో హీరో రిచర్డ్ సీటన్ బృందం భూమికి వందల కాంతి సంవత్సరాల దూరం వచ్చేస్తుంది. మరి ఐన్‌స్టీన్ మాటేమిటి అని పక్కవాడికి అనుమానం వస్తుంది. అది సిద్ధాంతమే కదా, ఈ దూరం మన కళ్లెదురుగా ఉంది అని సీటన్ తేల్చేస్తాడు. స్మిత్ కెమికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ ఉన్నవాడు, ఆహార పరిశ్రమలో కెమిస్టు. తెలియక రాసింది కాదు. అయినా ఆ పేజీ చదివినప్పుడు నాకు కోపం రాలేదు, నవ్వే వచ్చింది. ఐన్‌స్టీన్‌ని రెండు వాక్యాల్లో పంపించేయడానికి కూడా ఒక ధైర్యం కావాలి.

ఇప్పుడు అసలు లోపానికి వద్దాం. మీరు చదివిన 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్'నే తీసుకోండి. పుస్తకం చేతికి అందేంత దూరంలో ఉంటే హీరో జాన్ కార్టర్ అంగారకుడి మీద కళ్లు తెరిచిన చోటు మళ్లీ చదవండి. పసుపు రంగు నాచు మీద ఒంటి మీద నూలుపోగు లేకుండా పడి ఉంటాడు. లేచి అడుగు వేయబోతే గాల్లోకి ఎగిరి దబ్బున పడతాడు. అంగారకుడి గురుత్వాకర్షణ మనదాంట్లో 38 శాతమే. అతని కండరాలకు ఆ లెక్క తెలియదు. చివరికి చిన్నపిల్లాడిలా పాకుతూ ముందుకు పోతాడు. నా దృష్టిలో మొత్తం నవలలో అన్నిటికన్నా గొప్ప చోటు ఇదే. కత్తి పట్టిన సైనికుడిని ఒక గ్రహం పాకించింది! కొత్త చోటికి పోతే ఒళ్లు కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుందన్నమాట.

ఆ అవమానం ఉండేది ఒకటి రెండు పేజీలే. ఆకుపచ్చ అంగారకులు ఈటెలతో మీదకి రాగానే అదే ఎగురుడు అతనికి ఆయుధమైపోతుంది. ఒక్క గెంతుకు అంత ఎత్తు లేచేసరికి వాళ్లు నోరెళ్లబెడతారు. ఇంకాసేపటికి, ఎగిరి చూపించమని ఈడ్చిన ఒక యోధుణ్ణి ఒక్క గుద్దుతో చంపేస్తాడు, అక్కడి ఆచారం ప్రకారం వాడి హోదా ఇతనికి వచ్చేస్తుంది. భాష? వారం రోజుల్లో వచ్చేసింది. నేను తమిళనాడులో ఏడాదిన్నర ఉద్యోగం చేసి కూడా ఆటోవాడితో బేరం సరిగ్గా ఆడలేకపోయాను, అదీ పక్క రాష్ట్రం. ఆరు కాళ్లూ చేతులూ ఉండి గుడ్డులోంచి పుట్టే జాతి భాష ఇతనికి వారంలో! అక్కణ్ణుంచి ఆ గ్రహం అతన్ని ఇంకేమీ అడగదు. అతనే గ్రహాన్ని ఏలుకుంటూ పోతాడు.

అదే నవలలో ఇంకో నష్టం ఉంది, చాలామంది గమనించరు. అంగారక రాకుమారి డేజా థోరిస్‌ని మొదటిసారి బందీగా నాయకుడి ముందు నిలబెట్టినప్పుడు ఆమె ఏం చెప్తుందో చూడండి. తమ ఓడలు యుద్ధానికి వచ్చినవి కావు, తాత పంపిన పరిశోధక బృందం తమది, గాలి ప్రవాహాలను మళ్లీ పటం గీయడానికీ, గాలి సాంద్రత కొలవడానికీ వచ్చామని చెప్తుంది. అంటే ఆవిడ సైన్సు పని మీద వచ్చిన మనిషి. పైగా గాలిని ఫ్యాక్టరీలో తయారు చేసుకుని బతుకుతున్న గ్రహం అది. చివర్లో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయి గ్రహమంతా ఊపిరాడక చచ్చే పరిస్థితి వస్తుంది. గాలి గురించి కొలతలు తీసుకున్న మనిషి పక్కనే ఉంది. ఆమెకేమైనా పని దొరికిందా? లేదు. తలుపులు తెరిచే రహస్యం కార్టర్‌కి ముందే, అక్కడి ముసలాయన మనసు చదివేయడం వల్ల, ఉచితంగా దొరికి ఉంటుంది. డేజా థోరిస్ ఎత్తుకుపోబడటానికీ, రక్షించబడటానికీ మిగిలిపోయింది. రచయిత చేతిలోకి తానే తెచ్చుకున్న మంచి పాత్రను తానే పారేసుకున్నాడు. ఆడవాళ్లను బొమ్మల్లా వాడారని ఊరికే అనడం కంటే ఈ ఒక్క ఉదాహరణ నాకు ఎక్కువ బాధగా ఉంటుంది.

స్మిత్ పరిస్థితి ఇంకా విచిత్రం. ప్రేమ మాటలు రాయడం తనవల్ల కాదని 'స్కైలార్క్'లో ఆ భాగాలకు లీ హాకిన్స్ గార్బీ అనే స్నేహితుడి భార్య సాయం తీసుకున్నాడు. రాకెట్లు నేను చూసుకుంటా, సరసం మీరు చూసుకోండి అన్నట్టు! అందుకే ఆ పుస్తకంలో మనుషులు ఒక గదిలో, యంత్రాలు ఇంకో గదిలో ఉన్నట్టుంటుంది. మీరు యాభై పేజీల దగ్గర ఆగిపోయారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఇవన్నీ ఇలా ఎందుకు తయారయ్యాయి? రచయితలు తెలివితక్కువవాళ్లు కాదు. ఆ దుకాణం అలాంటిది. పల్ప్ అంటే చెక్కగుజ్జు. నాసిరకం చెక్కగుజ్జు కాగితం మీద అచ్చయ్యే చవక పత్రికలకు కాగితం పేరే స్థిరపడిపోయింది. రచయితకు మాటల లెక్కన డబ్బు. బరోస్‌కి మొదటి నవలకు దక్కింది 400 డాలర్లు. 1926 ఏప్రిల్‌లో 'అమేజింగ్ స్టోరీస్' మొదలుపెట్టిన హ్యూగో గెర్న్స్‌బాక్ అయితే రేటూ తక్కువే, ఇవ్వడమూ ఆలస్యమే. భయానక కథలు రాసే హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ ఆయనకు 'ఎలుక' అని పేరు పెట్టాడు. మాటకింత అని ఇస్తే ఎవడు మాట తగ్గిస్తాడు? "భయంకరమైన, వర్ణించనలవికాని, మానవుడెన్నడూ కనని" అని మూడు విశేషణాలు వేస్తే మూడు మాటల డబ్బు. ఒకే పని తమలపాకంతది అరిటాకంత అవుతుంది.

దాని మీద సీరియల్ రోగం. ఇది నాకు చేతులతో తెలుసు. మా పత్రికలో ప్రతి భాగం పైన 'జరిగిన కథ', కింద 'సశేషం'. ఆ రెంటి మధ్య రచయిత ఏం చేసినా సశేషం దగ్గర ఎవడో ఒకడు తలుపు కొట్టాలి, లేదా హీరోయిన్ కెవ్వుమనాలి. వచ్చేవారం తలుపు తీస్తే పాలవాడు. ఒక రచయిత ఏడో వారం చంపేసిన బావగారు పదిహేనో వారం వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఫోన్ చేస్తే, "అయ్యో, ఇంకో బావగారు అనుకోండి" అన్నారు. వారానికొక భాగం చదివే పాఠకుడికి ఇవి కనపడవు. మధ్యలో ఏడు రోజుల మరుపు ఉంటుంది కదా. అదే నవలను పుస్తకంగా వేసి ఒకే రాత్రి చదివిస్తే ప్రతి ఇరవై పేజీలకూ ఒక తలుపు చప్పుడు. బరోస్ మొదటి నవల 1912 ఫిబ్రవరి నుంచి జులై దాకా 'ఆల్‌స్టోరీ' పత్రికలో ఆరు నెలల సీరియల్. పుస్తకంగా వచ్చింది 1917లో. పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడటం అనే ఆ లయ నెలకొకసారి చదివేవాడి కోసం కట్టింది. మీరు మూడు పుస్తకాలు వరసగా చదివారు. మూడోది 'ది వార్‌లార్డ్ ఆఫ్ మార్స్' అయితే మొత్తం ఒకే పరుగు. దక్షిణ ధ్రువం నుంచి ఉత్తర ధ్రువం దాకా ఎత్తుకుపోయినవాడి వెనక పడటమే. మీరు ఆగింది ఆగాల్సిన చోటే.

ఈ పనిని దాచకుండా ఒప్పుకున్నవాడు లెస్టర్ డెంట్. 1933లో మొదలైన 'డాక్ సావేజ్' నవలలు కెనెత్ రోబెసన్ అని పత్రికవాళ్లు పెట్టిన ఉమ్మడి మారుపేరు మీద వచ్చేవి, 181లో ఎక్కువ భాగం డెంట్ ఒక్కడే రాశాడు. ఆరువేల మాటల కథను నాలుగు సమాన ముక్కలు చేసి, ఏ ముక్కలో హీరో నెత్తిన ఎంత కష్టం కుమ్మరించాలో చెప్పే సూత్రం కూడా రాసిపెట్టాడు. వంట పుస్తకంలో పులిహోర కొలతల్లా ఉంటుంది. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. కానీ అదే డాక్ సావేజ్‌లో ఒక విషయం చూడండి. పట్టుకున్న నేరస్థులను హీరో ఒక రహస్య ఆసుపత్రికి పంపి, మెదడుకు ఆపరేషన్ చేసి, పాత జ్ఞాపకాలు చెరిపేసి మంచివాళ్లుగా మారుస్తాడు. కోర్టు లేదు, వాళ్ల ఒప్పుకోలు లేదు. ఇది పుస్తకాల్లో మంచిపనిగా వస్తుంది! మనిషి జ్ఞాపకాలు తీసేస్తే మిగిలేది ఎవరు అన్న ప్రశ్నే సైన్స్ ఫిక్షన్‌కి బంగారు గని లాంటిది. డెంట్ ఆ గని మీద కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చే నెల నవల టైపు చేసుకున్నాడు. హీరోకి ఒక్క రాత్రి కూడా నిద్ర చెడలేదు.

ఖర్చు లేకపోవడం వల్ల వచ్చే రెండో జబ్బు, సైజు పెరగడం. హీరో దేనికీ ఏమీ పోగొట్టుకోకపోతే టెన్షన్ పుట్టించడానికి మిగిలే దారి ఒకటే, శత్రువును పెద్దది చేయడం. ఎడ్మండ్ హామిల్టన్ అనే రచయితకి 'లోకాలు పగలగొట్టేవాడు' అని పాఠకులే ముద్దుపేరు పెట్టారు. స్మిత్ తన లెన్స్‌మన్ అనే అంతరిక్ష పోలీసుల నవలల్లో దీన్ని శాస్త్రంలా చేశాడు. మామూలు కిరణాలతో మొదలై, 'గ్రే లెన్స్‌మన్'లో రెండు గ్రహాలను చెరోపక్క నుంచి తెచ్చి మధ్యలో శత్రు గ్రహాన్ని బాదంకాయలా పగలగొడతారు. తర్వాతి నవలలో సూర్యుడి శక్తి అంతా ఒక్క కిరణంగా బిగిస్తారు. ఆ తర్వాత అదీ చాలదు.

మన పౌరాణిక సినిమాల్లో బాణానికి బాణం చూశాం కదా, ఆగ్నేయానికి వారుణం, నాగానికి గరుడం, ఆకాశంలో రెండూ ఢీకొని టపాసులు పేలడం. పైపైన చూస్తే స్మిత్ చేసింది అదే. కానీ భారతంలో అస్త్రానికి బిల్లు ఉంటుంది. కర్ణుడు అబద్ధం చెప్పి విద్య నేర్చుకున్నాడు కాబట్టి కావాల్సిన రోజున మంత్రం గుర్తురాదు. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోతుంది. ఆ రాత్రి చచ్చింది ఘటోత్కచుడే అయినా ఓడింది కర్ణుడు. లెన్స్‌మన్ దగ్గర అస్త్రం వాడితే ఇంకా పెద్ద అస్త్రం వస్తుంది, అంతే. స్మిత్‌ది మనకంటే పెద్ద ఆకాశం. అయినా ఆయన యుద్ధాలు నాకు టపాసుల్లా, ఘటోత్కచుడు పడిపోయిన రాత్రి నిజంగా యుద్ధంలా ఎందుకు అనిపిస్తాయో ఈ లెక్కలోనే ఉంది.

ఇంకో ఖర్చు ఉంది. అది హీరో ఎలాగూ కట్టడు, అవతలివాళ్ల మీద పడుతుంది. జాన్ కార్టర్ ఎవరు? వర్జీనియావాడు, అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడి ఓడిపోయిన దక్షిణాది సైన్యంలో కెప్టెన్. కథ మొదట్లో అరిజోనాలో అపాచీలు తరుముతుంటే గుహలో దూరతాడు, అక్కణ్ణుంచి అంగారకుడు. అక్కడ ఆకుపచ్చ తండాలు, ఎర్ర రాకుమారి. ఓడిపోయిన యుద్ధం తాలూకు సైనికుడికి బరోస్ ఒక గ్రహాన్నే పరిహారంగా ఇచ్చాడు. బరోస్‌లో కాస్త ఉదారం ఉంది, ఆకుపచ్చ యోధుడు టార్స్ టార్కస్‌ని నిజమైన స్నేహితుడిగా రాశాడు. ఫిలిప్ నౌలన్‌లో అదీ లేదు. బక్ రోజర్స్ పేరు మీరు విని ఉంటారు, వాడిని పుట్టించింది ఈ నౌలనే. వాడి మొదటి కథ 1928 ఆగస్టు 'అమేజింగ్'లో వచ్చింది, 'స్కైలార్క్' మొదలైన సంచికే. గనిలో గ్యాస్ పీల్చి 1927లో నిద్రపోయిన రోజర్స్ (అప్పటికింకా ఆంథొనీ, బక్ కాదు) 2419లో లేస్తాడు. అమెరికాను 'హాన్' అనే ఆసియా జాతి ఏలుతుంటుంది. కథ, దాని తర్వాతి భాగం కలిసి ఆ జాతిని తుడిచిపెట్టేయడం దాకా నడుస్తాయి. రాసిన తీరులో పండగ వాతావరణమే, ఎక్కడా గొంతు తడబడదు.

అప్పటి కాలం అలాంటిది అని దీన్ని దాటేసేవాళ్లున్నారు. నిజమే, కాలం అలాంటిదే. 1882 నుంచి చైనా కూలీల వలస మీద అమెరికాలో నిషేధ చట్టం ఉండేది. 1923లో, ఈ కథకు ఐదేళ్ల ముందు, అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్‌కు 'తెల్లవాడివి కాదు' అని అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వం కాదంది. 1924 చట్టం మిగతా ఆసియా వలసలకూ తలుపు మూసింది. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని మన పిల్లాడు ఆ కథ తెరిస్తే, తాను హీరో పక్షాన కాదు, హీరో కాలుస్తున్న పక్షాన ఉన్నాడని ఎక్కడో ఒక పేజీలో తెలుస్తుంది. దాన్ని పాతబడిన సైన్సుతో కలిపి 'కాలదోషం' అనే ఒకే గంపలో వేయలేను. కాలువలు లేవని నౌలన్ తరం వాళ్లకి కచ్చితంగా తెలిసే అవకాశం లేదు. అవతలివాడు మనిషి అని తెలిసే అవకాశం ఉంది.

ఈ జబ్బులన్నీ మనం ఇప్పుడు కూర్చుని కనిపెట్టినవి కూడా కావు. 1950 అక్టోబర్‌లో 'గెలాక్సీ' అనే పత్రిక మొదలైనప్పుడు సంపాదకుడు హెచ్. ఎల్. గోల్డ్ వెనక అట్ట మీద రెండు పేరాలు పక్కపక్కన అచ్చువేశాడు. ఒకదాంట్లో బాట్ డర్‌స్టన్ రాకెట్ మీద ఏదో గ్రహంలోకి దూసుకొస్తాడు. రెండోదాంట్లో అదే డర్‌స్టన్ గుర్రం మీద కనుమలోంచి దూసుకొస్తాడు. మిగతా మాటలు దాదాపు అవే. గుర్రం తీసి రాకెట్ పెడితే సైన్స్ ఫిక్షన్ అవదు, అలాంటివి మా పత్రికలో ఉండవు అని ప్రకటన. మీరు ఇకముందు ఏ పాత సైఫై సాహసం పట్టుకున్నా ఈ పరీక్ష పెట్టండి. రాకెట్ తీసేసి గుర్రం పెట్టినా కథ ఎక్కడా ఒరగకపోతే మీరు చదువుతున్నది కౌబాయ్ కథే.

అన్నీ అలాంటివేనా అంటే కాదు. అదే కాగితం, అదే రేటు, అదే సంపాదకుల కింద ఖర్చు పెట్టించినవాళ్లున్నారు. స్టాన్లీ వైన్‌బామ్ 'ఎ మార్షియన్ ఒడిస్సీ' 1934 జులైలో గెర్న్స్‌బాక్ తర్వాత పెట్టిన 'వండర్ స్టోరీస్'లోనే వచ్చింది. జార్విస్ అనే కెమిస్టు అంగారకుడి మీద ట్వీల్ అనే పక్షిలాంటి ప్రాణితో కలిసి నడుస్తాడు. ట్వీల్ మన మాటలు ఓ పిడికెడు పట్టుకుంటుంది. జార్విస్‌కి మాత్రం దాని భాష ఒక్క ముక్క రాదు, ఎందుకంటే నిన్న ఒక వస్తువుకు అన్న మాట ఇవాళ దానికి అనదు. 'ఒకటీ ఒకటీ రెండు, అవును. రెండూ రెండూ నాలుగు, కాదు' అని లెక్కల మాటలతోనే, ఎదురుగా ఉన్న జీవికి ఎంత బుర్ర ఉందో చెప్పడానికి చూస్తుంది. కార్టర్ వారంలో నేర్చిన చోట జార్విస్ ఓడిపోతాడు, ఆ ఓటమే కథ. వైన్‌బామ్ ఆ తర్వాత ఏడాదిన్నర కూడా బతకలేదు, 1935 డిసెంబర్‌లో పోయాడు.

సి. ఎల్. మూర్ 'షాంబ్లో' చదవండి, 1933 నవంబర్. పొడి అక్షరాలు మగవాడిలా కనపడటానికి పెట్టుకున్నవని చాలామంది అంటారు. ఆవిడ చెప్పింది వేరు, తాను పనిచేసే బ్యాంకుకి ఈ పక్క సంపాదన తెలియకూడదని. కథ మొదట్లో అచ్చం పల్పే. అంగారకుడి మీద ఒక వీధిలో జనం ఒక ఆడమనిషిని తరుముతుంటే నార్త్‌వెస్ట్ స్మిత్ అనే మొనగాడు తుపాకీ తీసి అడ్డం నిలబడతాడు. మీరు ఇక డేజా థోరిస్ దారే అనుకుంటారు. కానీ రక్షించినదాని చేతిలోనే వాడు కరిగిపోతాడు, మత్తుకు అలవాటు పడ్డవాడిలా. స్నేహితుడు వచ్చి బయటికి లాగాల్సి వస్తుంది. చివర్లో ఆ స్నేహితుడు, ఇంకెప్పుడైనా అలాంటిది కనపడితే చూసిన వెంటనే కాల్చేస్తానని మాటివ్వమంటాడు. నార్త్‌వెస్ట్ స్మిత్ చాలాసేపు పలకడు. తర్వాత, ప్రయత్నిస్తానంటాడు. ఆ గొంతు స్థిరంగా ఉండదు. నేను చెప్తున్న ఖర్చు అంటే ఆ ఒక్క మాట.

లీ బ్రాకెట్ అనే రచయిత్రి అంగారకుడూ చూడండి, అక్కడ భూమివాళ్లంటే స్థానికులకు పడదు, దానికి కారణం కూడా ఉంటుంది. 'ది సోర్డ్ ఆఫ్ రియానన్'తో మొదలుపెట్టండి. ఇ. ఇ. స్మిత్‌ని మళ్లీ ప్రయత్నించాలనుకుంటే లెన్స్‌మన్ వరస నంబర్లు నమ్మి 'ట్రైప్లానెటరీ' తీయకండి. అది 1934 నవలకు 1948లో ముందు జరిగిన కథంతా అతికించిన కూర్పు. మిగతా పుస్తకాలు చివర్న విప్పాల్సిన రహస్యాన్ని మొదట్లోనే చెప్పేస్తుంది. 'గెలాక్టిక్ పెట్రోల్' తీసుకోండి, రోజుకొక భాగం, మధ్యలో ఒకరోజు మరుపు ఇచ్చి మరీ చదవండి.

ఇక కట్ట. పదకొండూ చదవక్కర్లేదు, కానీ ఐదోది 'ది చెస్‌మెన్ ఆఫ్ మార్స్' ఉందేమో విప్పి చూడండి. 1922ది. అందులో వట్టి తలకాయల్లా ఉండే ఒక జాతి, తలల్లేని మొండేలను పెంచుకుని, కావలసినప్పుడు వాటి మెడ మీద ఎక్కి నడిపిస్తుంటుంది. అలాంటి ఒక తలకాయకు పాట విన్నాక తన జాతి మీదే అనుమానం మొదలవుతుంది. బరోస్ ఒక గ్రహాన్ని నిజంగా గ్రహంగా ఊహించిన చోటు అది. అది ఉంటే మిగతా పదీ దానికి కొసరనుకుని బేరం ఆడండి. పుస్తకం చివర్లో అంగారక చదరంగం జెతాన్ నియమాలుంటాయి, పది గళ్లు పది గళ్లు, నలుపు నారింజ పావులు. పాత కాపీల్లో చివరి పేజీలే ముందు ఊడిపోతాయి, డబ్బులిచ్చే ముందు అవి ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటికి తెచ్చాక ఫ్యాన్ కింద తెరవకండి.